ఎస్తేరమ్మ టీచరు పోగేసిన చేతిరాతలు

నిన్న పొద్దున నంద్యాలలో మా వీధి మలుపులో ఎవరో గోడకు పోస్టర్ అంటిస్తున్నారు. ఉడికించిన మైదా జిగురు, కాస్త పులిసిన వాసన ముక్కుకు తగలగానే కూరగాయల సంచి కింద పెట్టి నిలబడిపోయాను. మోకాళ్ల నొప్పులకు అదొక సాకు కూడా అయింది. నాకు ఆ వాసన అంటే ఎస్తేరమ్మ టీచరే. ఆమె వేళ్ల సందుల్లో ఎప్పుడూ ఆ జిగురు ఎండి పొట్టు లేస్తుండేది.

డెబ్బైల చివర్లో ఆళ్లగడ్డలో ఒక ప్రాథమిక పాఠశాలలో నాకు మూడో తరగతి ఇచ్చారు. ఆమె అక్కడ హెడ్మిస్ట్రెస్. రోజూ నంద్యాల నుంచి బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. బడికి చేరేసరికే సగం ప్రాణం పోయేది. దసరా సెలవుల లోపే నా పిల్లలు వాచకమంతా గడగడా చదివేస్తున్నారని మాత్రం మహా గర్వంగా ఉండేది. ఒకరోజు ఆమె తరగతికి వచ్చి, లక్ష్మీదేవి అనే పిల్ల పుస్తకంలో పాఠం నడిమధ్య ఒక మాట మీద వేలు పెట్టి, "ఇదేంది పాపా?" అని అడిగింది. ఆ పిల్ల పెదాలు కదుపుతూ పాఠం మొదటి నుంచి లోలోపల అప్పజెప్పుకుంటూ వచ్చి, ఆ మాట దగ్గర ఆగి చెప్పింది. మిగిలిన పిల్లలూ అంతే.

"ఏందమ్మా సావిత్రీ, చదివిస్తాండావా, భజన చేయిస్తాండావా?" అంది ఎస్తేరమ్మ. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆమెకో గీతల నోటుబుక్కు ఉండేది. వారం వారం పిల్లల చేత ఏం చదివించాలో అందులో రాసుకునేది. ఒకనాడు కథ, ఇంకోనాడు విత్తనాల సంచి మీది అచ్చు, పెళ్లి పత్రిక, సినిమా కరపత్రం, బస్టాండులో చూసి రాసుకొచ్చిన బస్సుల వేళలు. ఒకే రకం వరసగా రెండు రోజులు రాకూడదు. అన్నింటినీ అట్టలకు అంటించేది. వాటిలో నాకు అస్సలు గిట్టనివి పాత ఉత్తరాలు. ఇంటి గుట్లు లేనివి చూసి, ఊళ్లో అడిగి తెచ్చేది. అన్నీ కోడిగీతలే. పిల్లలు తడబడుతుంటే నాకు ఓపిక ఉండేది కాదు. వాటిని నా గుండ్రటి అక్షరాలతో బోర్డు మీదికి ఎక్కించి, అదే చదివించేసేదాన్ని. పని త్వరగా అయిపోయేది. ఆమెకు చెప్పలేదు.

చలికాలంలో ఒకరోజు లక్ష్మీదేవి వాళ్లమ్మ నాగమ్మ, చంకలో పసివాడు, కూతురి రెక్క పట్టుకుని బడికి వచ్చింది. చేతిలో ఇన్‌లాండ్ కవరు. భర్త బళ్లారి దిక్కున గోడపనికి పోయి, అక్కడెవరి చేతనో రాయించి పంపాడు.

"మూడేండ్లు పంపిస్తి టీచరమ్మా. నాయన జాబు చదవమంటే నోరు తెరవల్యా. పక్కింటాయన్ని బతిమాలుకుంటి. ఇంగేంటికి ఈ చదువు? రేపట్నుంచి శెనక్కాయలు ఒలిచేదానికి తోలుకపోతా."

లక్ష్మీదేవి తల ఎత్తలేదు. జాబు తీసుకుని చూశాను. వాలుగా, ఒకదాన్నొకటి తోసుకుంటున్న అక్షరాలు. అచ్చు, నా రాత తప్ప ఆ పిల్లకు మూడో రాత తెలియదు. సిగ్గుతో చచ్చిపోతూ, నేను చేస్తున్నదంతా అక్కడే ఉన్న ఎస్తేరమ్మకు చెప్పేశాను. ఆమె నాగమ్మ వైపు తిరిగింది.

"తప్పు పాపది కాదు, మాది. ఒక్క నెల ఇయ్యి. అప్పటికీ చదవకుంటే నువ్వే తోలుకపో, అడ్డం రాను."

"నెలంటే నెలే" అని నాగమ్మ వెళ్లిపోయింది.

ఆ నెల నేను పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. బస్సులో పక్కన కూర్చున్నవాళ్లకు పెన్ను ఇచ్చి నాలుగు ముక్కలు రాయమని అడిగేదాన్ని. కండక్టరు రాశాడు, కాంపౌండరు రాశాడు, చీరల కొట్టు గుమాస్తా రాశాడు. ఒక ముసలాయన మాత్రం "ఏంటికమ్మా, సాక్షి సంతకమా?" అని లేచి వేరే సీటుకు పోయాడు. సాయంత్రాలు మేమిద్దరం ఆ కాగితాలను తేలిక నుంచి కష్టానికి వరస పెట్టేవాళ్లం. "కాంపౌండరుది ఆఖరికి పెట్టు. రాసిన ఆయప్పే మల్లా చదవల్యాడు" అనేది ఆమె. నవ్వే ఓపిక కూడా లేక తల ఊపేదాన్ని. లక్ష్మీదేవి మొదటి వారం ఏడ్చింది. రెండో వారం కూడబలుక్కుంది. మూడో వారానికి కండక్టరు రాత దానికి మంచినీళ్ల ప్రాయమైంది.

నెల నిండకముందే రెండో జాబు వచ్చింది. నాగమ్మ దాన్ని విప్పకుండానే బడికి తెచ్చింది. లక్ష్మీదేవి నిలబడి, వేలితో వెతుక్కుంటూ చదివింది. వాళ్ల నాయన క్షేమం. పని బాగుంది. ఆడవాళ్లకూ కూలి దొరుకుతుంది. ఇల్లు మూసి బయలుదేరి రమ్మన్నాడు. "పాపను బడి మాన్పించి తోలుకరా. మనం పనికి పోతే చిన్నోన్ని ఎత్తుకోనీకి మనిషి కావల్ల." అక్కడ ఆ పిల్ల గొంతు తగ్గింది. చివరన ఉన్న తేదీ దాకా చదివి, కాగితం మడిచి వాళ్లమ్మకు ఇచ్చింది.

"చదివె గదా. మాట మీద నిలబడదామంటే ఆయప్ప ఇట్ల రాయించె" అని నాగమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. వారంలోపే వాళ్లు బళ్లారి వెళ్లిపోయారు.

"దీనికోసమా మనం నెల రోజులు చచ్చింది?" అన్నాను. నాకు ఏడుపు, కోపం రెండూ వచ్చాయి.

"మనం నేర్పకుంటే పక్కింటాయన చదివేటోడు" అంది ఎస్తేరమ్మ. ఆమె కళ్లూ తడిగానే ఉన్నాయి. "దాని బతుకు మాట అదే చదువుకున్యాది. సరే, రేపటికి ఏం పెడతాండావ్? రాయి."

ఆమె పోయి చాలా ఏళ్లయింది. ఆ తర్వాత నేను ఎన్నో బడులు తిరిగాను, అన్నిచోట్లా అలసిపోయాను. కానీ ఏ పిల్ల చేతికి ఏ కాగితం ఇచ్చినా, రేపు ఇలాంటిది ఎవరి ముందు నిలబడి చదవాల్సి వస్తుందో అనుకోకుండా ఇవ్వలేకపోయాను. బడి మాన్పించమన్న ఆ ఒక్క వాక్యం లక్ష్మీదేవి దాటేసి ఉంటే వాళ్లమ్మకు తెలిసేది కాదు. ఎనిమిదేళ్ల పిల్ల, దాటేయలేదు.