తొడిమ ఉన్న కాయలు

నేర మనస్తత్వశాస్త్రంలో పీజీ చేస్తూ, ప్రాజెక్టు కోసం జైల్లో ఒక మహిళా ఖైదీని కలిశాను. దొంగతనాల కేసు. ఆమెది నూజివీడు వైపని తెలిసి, "మాదీ అటే" అన్నాను సంబరంగా. తర్వాత, ఇందులోకి ఎలా వచ్చారని అడిగాను.

"ముసునూరులో ఒకాయన మామిడితోటలో పనికెళ్లేదాన్నండీ. రాలిన కాయలు కూలోళ్లు తీసుకోవచ్చు, చెట్టుకున్నవి ముట్టుకోకూడదు. ఓరోజు వాళ్ల పాప నాలుగు కాయలు కోసి నా కొంగులో వేసింది. తొడిమలు చూసి, కోసిన కాయలని ఆయన అందరి ముందూ నన్ను దొంగన్నాడు. పాపని కొడతాడని నేను చెప్పలేదు. ఆ తర్వాత ఏ తోటకీ పిలవలేదండీ. పిల్లలకి తిండి లేక నిజంగానే మొదలెట్టాను."

నా పెన్ను ఆగిపోయింది. ఆ పాపను నేనే. ఆరోజు నాన్న వెనక నిలబడి, దెబ్బలకు భయపడి నోరు మెదపలేదు.

ఆమె నన్ను గుర్తుపట్టలేదు. నేను లేచి వస్తుంటే, "ఆ పాప ఎలా ఉందో మీకేమైనా తెలుసాండీ?" అని అడిగింది.

"బాగానే ఉంది" అన్నాను.

ఫారంలో 'నేరానికి కారణం' అన్నచోట పేదరికం అని రాశాను. మంచి మార్కులే వచ్చాయి. మొదటిసారి నోరు విప్పనప్పుడు నాకు తొమ్మిదేళ్లు. రెండోసారికి ఏ సాకూ లేదు.