రంగు బాగుందన్నందుకు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం ఏదైనా ఉందంటే, అది గ్రంథాలయం నుంచి ఎవరో ముందే ఇంటికి పట్టుకుపోయిన పుస్తకంలో ఉండి ఉంటుందని నా నమ్మకం. డిగ్రీ మధ్యలో ఆపేసి గుంటూరులో ఒక మిర్చి కమిషన్ కొట్లో గుమస్తాగా చేరాను. చదువు ఆగిందన్న ఉక్రోషంతో రోజూ సాయంత్రం లైబ్రరీ మూసేదాకా చదివేవాణ్ణి. (అక్కడ ఫ్యాను గాలి కూడా ఉచితమే. ఆ కారణం మాత్రం ఎవరికీ చెప్పలేదు.) ఊళ్ళో నాకంటూ ఎవరూ లేరు. కొట్లో ఘాటుకు అందరూ మూతికి తువ్వాలు కట్టుకునేవారు కాబట్టి బేరాలు తప్ప మాటలూ తక్కువే. రోజు మొత్తంలో నన్ను ఎవరైనా అడిగే ప్రశ్న ఒక్కటే. "ఇంకొంచెం పప్పు వెయ్యనా అబ్బాయ్?"

అడిగేది మెస్సు అక్కయ్యగారు. మిరప పండించే ఇంటి ఆడపడుచు. భర్త పోయాక ఇంటి ముందుగదిలో పదిమందికి మధ్యాహ్నం భోజనం పెట్టేవారు. తినేవాళ్ళంతా సెల్‌ఫోన్లు చూసుకుంటూ తినేసి వెళ్ళిపోయేవారు. ఆ నెలలో ఎందుకో పప్పులో ఉప్పు ఎక్కువవుతూ వచ్చింది. అందరూ మజ్జిగతో సరిపెట్టుకున్నారు. నాకు మాత్రం సరిగ్గా అప్పుడే, ఎదుటివాళ్ళ మనసు నొప్పించకుండా లోపం ఎలా చెప్పాలో నేర్పే పుస్తకం దొరికింది. ముందు రెండు మెచ్చుకోళ్ళు, మధ్యలో లోపం, చివర మళ్ళీ ఒక మెచ్చుకోలు. ముందుగా మా యజమానిమీద ప్రయోగించి చూశాను. మొదటి మెచ్చుకోలుకే ఆయన తలెత్తకుండా "సెలవు ఎన్నాళ్ళు కావాలి?" అన్నారు. అయినా పుస్తకాన్ని శంకించలేదు. ఆయనే పుస్తకాలు చదవరు కదా అనుకున్నాను.

మర్నాడు కంచం ముందు కూర్చుని గొంతు సవరించుకున్నాను. "అక్కయ్యగారూ, పప్పు రంగు చాలా బాగుందండి. పోపు కూడా ఘుమఘుమలాడుతోంది. కాకపోతే..."

అక్కయ్యగారి చేతిలో గరిటె ఆగిపోయింది. నన్ను మాట పూర్తి చెయ్యనివ్వలేదు. "చిన్నప్పుడు మా నాన్నతో మిర్చి యార్డుకెళ్ళేదాన్ని అబ్బాయ్. కొనేవాడు కాయ చేతిలోకి తీసుకుని రంగు బాగుందన్నాడంటే చాలు, మా నాన్న మొహం వాడిపోయేది. తర్వాత కాకపోతే అంటాడు, రేటు తెగ్గోస్తాడు. ఆ కొట్లో చేరి నువ్వూ అదే నేర్చావా?"

నేను చదివింది పుస్తకంలో. అన్నది మాత్రం రోజూ కొట్లో వింటున్న బేరగాళ్ళ మాట, అదే వరసలో. ఆమె గరిటె గిన్నెలో పెట్టి లోపలికి వెళ్ళిపోయారు. ఆ తర్వాత నాలుగు రోజులు కంచంలో అన్నీ వచ్చాయి, ప్రశ్న తప్ప. ఐదో రోజు పౌరుషంతో హోటల్‌కి పోయాను. అక్కడ సర్వరు బిల్లు పెట్టి పోయాడు. ఆ వేళ పొద్దున్నుంచి రాత్రి పడుకునేదాకా నాతో ఎవరూ ఏమీ అనలేదు. నా గొంతు ఉందో లేదో చూసుకోవడానికి గదిలో ఒకసారి దగ్గాను కూడా.

ఆరో రోజు మళ్ళీ మెస్సుకు వెళ్ళాను. అదే పుస్తకంలో క్షమాపణ అధ్యాయం చదివి ఒక కాగితం మీద మంచి వాక్యం రాసుకుని జేబులో పెట్టుకున్నాను. అక్కయ్యగారు పప్పు వేసి వెనక్కి తిరిగేసరికి ఆ వాక్యంలో ఒక్క ముక్కా గుర్తుకు రాలేదు. "నిన్న నాతో ఎవరూ మాట్లాడలేదండి," అన్నాను. "మీరు అడిగితేనే నాకు తిన్నట్టుంటుంది. పప్పులో మాత్రం ఉప్పెక్కువవుతోంది."

ఆమె ఇటు తిరిగి గరిటె గిన్నెలో పెట్టారు. తర్వాత పీట లాక్కుని కూర్చున్నారు. "బీపీ అని డాక్టరు ఉప్పు మానెయ్యమన్నాడు. నేను రుచి చూడటం లేదు. వేళ్ళ లెక్కన వేస్తున్నా. చూసి చెప్పేవాళ్ళు ఇంట్లో ఎవరున్నారు అబ్బాయ్?"

మర్నాటి నుంచి పావుగంట ముందే వెళ్ళి, అరచేతిలో కాస్త పప్పు పెట్టించుకుని, ఉప్పు చూసి చెప్పడం నా పని అయింది. ఎక్కువైతే ఎక్కువైందనేవాణ్ణి. కుదిరిన రోజు మాత్రం ఊరికే మళ్ళీ చెయ్యి చాపేవాణ్ణి. ఆమె నవ్వేవారు.

ఇప్పుడు మార్టూరులో గ్రానైటు పాలిష్ పట్టే యూనిట్‌లో లెక్కలు చూస్తూ, నా వంట నేనే వండుకుంటున్నాను. అక్కయ్యగారు కాలం చేశారు. అన్ని పుస్తకాలు నెత్తికెత్తుకుని, ఒక ఆడమనిషి రుచి చూసి చెప్పే తోడు లేకుండా వండుతోందన్న సంగతి మాత్రం నెల్లాళ్ళు చూడలేకపోయిన ఆ కుర్రాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. పాపం, మహా మేధావి. ఎప్పుడైనా ఎదురైతే వాణ్ణి కూర్చోబెట్టి ముందు అన్నం పెడతాను.