రాయికి పెట్టిన పేరు

పొద్దున్న ఏడు. సన్నటి తుంపర. రాత్రి తిన్న బంగాళాదుంపలు ఎప్పుడో అరిగిపోయి ఒడీల్ కడుపు నకనకలాడుతోంది. పందికొవ్వు రాసిన రొట్టె సంచిలోనే ఉంది, కానీ విరామందాకా ముట్టకూడదు. పక్కనే రెమీ మోకాళ్ల మీద కూర్చుని, రోడ్డు మీద పోసిన ఇసుకలో రాయి దించి సుత్తితో కొడుతున్నాడు. రాయి కుదిరిందో లేదో ఆ చప్పుడుతోనే చెప్పేస్తాడు.

రెమీది గుట్ట అవతలి ఊరు. అక్కడ ఫ్రెంచి మాట్లాడతారు. మీసాలు రాకముందే ఫ్లెమిష్ భాష మాట్లాడే ఈ ఊళ్లకొచ్చి రోడ్లు పరవడం మొదలుపెట్టాడు.

"ఒడీల్, మోకాళ్లు పోయాయిరా. ఈ గుట్ట రోడ్డే నాకు ఆఖరు. చివరి రాయి పెట్టేసి ఇంటికి పోతా."

మొదటి రాయి ఎవరు పెడితే చివరిదీ వాళ్లే పెట్టాలి. ఆ తర్వాత అందరూ రోడ్డు మీదే తలా ఓ గ్లాసు జెనేవర్ సారా తాగాలి. ముఠాలో అది ఎప్పటినుంచో ఉన్న కట్టుబాటు. ఈ రోడ్డుకు మొదటి రాయి రెమీదే.

రొట్టె తినేవేళ రెమీ ఏదో ఫ్రెంచిలో గొణుక్కుంటే మేస్త్రీ గుస్టాఫ్ కసిరాడు.

"ఇక్కడ మా భాషే మాట్లాడాలి. ఈ రాయిని ఏమంటారు? కస్సెయ్. అచ్చంగా మా మాట!"

రెమీ నవ్వాడు. "మా దగ్గర్నుంచి తెచ్చుకున్నదే కదా మేస్త్రీ! మా అమ్మమ్మ కోషీ అనేది. రాళ్లు పరిచిన రోడ్డంతటికీ అదే పేరు. మీరు రోడ్డు పేరు తెచ్చి రాయికి పెట్టుకున్నారు."

"అయితే నీ కోషీని మూటగట్టుకుని పో!"

అందరూ పగలబడి నవ్వారు. ఒడీల్‌కి ఒళ్లు మండింది.

"ఆయన మాట ఆయన పట్టుకుపోతే రేపట్నుంచి ఏం పరుస్తావు మేస్త్రీ, గడ్డి పరుస్తావా?"

శనివారం రోడ్డు పూర్తయ్యే వేళకి మేయరు వచ్చాడు. చివరి రాయి రెమీ చేతిలో ఉంది. గుస్టాఫ్ దాన్ని లాక్కుని తన అల్లుడికిచ్చాడు.

"మనవాడు పెట్టాలి. నువ్వు వెనక్కి జరుగు."

అల్లుడు సుత్తితో కొట్టాడు. డొల్లగా మోగింది. మేయరు చప్పట్లు కొట్టాడు.

"ఇదేం న్యాయం మేస్త్రీ?" ఒడీల్ అరిచాడు. "నడుం విరిగింది ఆయనది, రాయి మీ అల్లుడిదా? ఆయన మాటే నోట్లో నానబెట్టుకుంటూ ఆయన్నే జరగమంటావా, సిగ్గులేదూ?"

"నోర్ముయ్! నీకూ పని వద్దా?"

కట్టుబాటు ప్రకారం చేతికిచ్చిన గ్లాసులోని సారాని ఒడీల్ తాగకుండా రాళ్ల మీద ఒలకబోశాడు.

రెమీ మోకాళ్లకంటిన ఇసుక దులుపుకున్నాడు. సుత్తిని గోనెగుడ్డలో చుట్టాడు. తను పరిచిన రాళ్ల మీదే గుట్టెక్కాడు. ఒడీల్ పిలిచినా వెనక్కి తిరగలేదు.