నిర్మాల్యంతో పోయిన ఫైరింగ్ పిన్

పూజ అయిపోయాక వాడిన పూలను చెత్తబుట్టలో వేస్తే ఏం జరుగుతుందని మీ భయం? తప్పించుకునే సమాధానం వద్దు. ‘ఆచారం’ అనకండి, ‘పెద్దవాళ్లు చెప్పారు’ అనకండి. ఏం జరుగుతుందో చెప్పండి. వేయకపోతే ఏం జరిగిందో నేను చెబుతాను.

మేముండేది జార్జియాలో, కమ్మింగ్‌లో. మా పక్కింట్లో ఒక అమెరికన్ పెద్దాయన ఒంటరిగా ఉంటాడు. ఆయన దగ్గర వాళ్లమ్మ వాడిన పాత రైఫిల్ ఉంది. ట్వంటీటూ తూటాలు పేల్చే చిన్న తుపాకీ. కింద ఉన్న లీవర్‌ను ఒకసారి కిందికి లాగి పైకి నొక్కితే ఖాళీ తొడుగు బయటపడి కొత్త తూటా లోపలికి వెళ్తుంది. ఆ తల్లి దానితో కోళ్లగూడు దగ్గరికి వచ్చే పాముల్ని కొట్టేదట. కంచె మీద డబ్బాలు నిలబెట్టి కొడుక్కి గురి నేర్పిందీ దానితోనే. తర్వాత అది అటకెక్కి తుప్పుపట్టి బిగుసుకుపోయింది.

పెద్దాయనకు కంటిజబ్బు. చూపు అంచుల్లో బాగానే ఉంటుంది, నడిమధ్యన బూడిదరంగు మచ్చ కమ్ముకుంటూ వస్తుంది. ఎడమ కన్ను అప్పటికే అలా పోయింది. కుడి కన్నూ అదే దారి పడుతుందని, ఎప్పుడన్నది చెప్పలేమని డాక్టర్ అన్నాడు. అది పోయేలోగా తమ్ముడి పొలంలో కంచె మీద డబ్బాలు పెట్టి, అమ్మ తుపాకీతో, తన కంటితో గురి చూసి కొట్టాలని ఆయన కోరిక. నేను మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డవాణ్ణి. గరాజ్‌లో నాకో పనిబల్ల ఉంది. అందుకని దాన్ని నా దగ్గరికి తెచ్చాడు.

వేసవంతా దాని మీదే కూర్చున్నాను. తుప్పు వదిలించాను. విరిగిన స్ప్రింగ్‌కి మారు దొరికింది, అరిగిన మరలకి మారు దొరికాయి. దసరా నాటికి భాగాలన్నీ శుభ్రం చేసి, నూనె రాసి, బల్ల మీద తువ్వాలు పరిచి వరసగా పెట్టాను. బిగించడమే మిగిలింది.

ఆ వారాంతం మా వదినగారు, అంటే నా భార్య అక్కగారు, తామంటున్న హెర్న్‌డన్ అనే ఊరి నుంచి వచ్చారు. ఇక్కడ దసరా తిథిని బట్టి రాదు, శనివారాన్ని బట్టి వస్తుంది. ఆ శనివారం పొద్దున నేను హార్డ్‌వేర్ షాపుకి వెళ్లాను. మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి గరాజ్‌లో కార్ల చక్రాల కింద నలిగిన నిమ్మకాయలు, అద్దాల మీద పసుపు. నా బల్ల ఖాళీగా ఉంది. పక్కన షెల్ఫ్‌లో తుపాకీ భాగాలు ఒకదాని మీద ఒకటి, ప్రతిదానికీ కుంకుమ బొట్టు.

“వదినగారూ, ఇక్కడ తువ్వాలు మీద సామాను ఉండాలి కదా?”

“షెల్ఫ్‌లో పెట్టాను మరిదిగారూ. పూలతో నిండిపోయిందని తువ్వాలు దులిపి మడతపెట్టాను. గరాజ్ ఎంత మెస్సీగా పెట్టుకున్నారండీ.”

“తుపాకీకి బొట్లు ఎవరు పెట్టారు?”

“నేనే. కార్లకి చేశాం, పిల్లల లాప్‌టాప్‌లకి చేశాం, ఆఖరికి మీ ఎయిర్ ఫ్రయర్‌కి కూడా చేశాం. ఇంట్లో నిజం ఆయుధం ఒకటుంటే దాన్ని స్కిప్ చేస్తామా? పేరే ఆయుధ పూజ.”

నా భార్య నవ్వింది. భాగాలు చూసుకుంటున్న నాకు నవ్వు రాలేదు. తూటాను కొట్టి పేల్చే ఫైరింగ్ పిన్ కనబడలేదు.

“తువ్వాలు ఎందులోకి దులిపారు?”

“నిర్మాల్యం బ్యాగ్‌లోకి.”

“బ్యాగ్ ఏది?”

“మాల్‌కి వెళ్తూ లేక్‌లో కలిపేసి వచ్చాంగా,” అంది నా భార్య. “ట్రాష్‌లో వేయకూడదు కదా. పారే నీళ్లలో కలపాలి.”

మా సరస్సు పారదు. దానికి ఆనకట్ట ఉంది. ఆ మాట అన్నాను. “అయితే ఇప్పుడు డ్యామ్ మీద డిబేట్ పెడతారా?” అంది. పెట్టాను. తిథిని శనివారానికి జరుపుకోగలిగిన మీరు, పూలను చెత్తబుట్టకి ఎందుకు జరుపుకోలేరు? ఏ మినహాయింపు చెల్లుతుందో, ఏది చెల్లదో ఎవరు నిర్ణయించారు? ప్రమాణం ఏమిటి? గుంటూరులో చదువుకునే రోజుల్లో చర్చావేదికల మీద ఈ ఒక్క ప్రశ్నతో ఉద్దండుల నోళ్లు మూయించాం. మా గరాజ్‌లో దానికి వచ్చిన జవాబు: “కాఫీ తాగుతారా?”

సాయంత్రం పడవల రేవు దగ్గర మోకాళ్ల లోతు నీళ్లలో దేవులాడాను. బీరు మూతలు దొరికాయి, గాలాలు దొరికాయి. ఒక బంతిపువ్వు కూడా దొరికింది. పిన్ దొరకలేదు.

అగ్గిపుల్ల కంటే కాస్త పొడవుండే చదును ఉక్కు ముక్క అది. దాని కోసం ఇంత గొడవా అంటారేమో. ఈ రకం తూటాలో మందు అంటుకునేది అడుగు అంచులో. పిన్ మొన సరిగ్గా ఆ అంచును కొట్టాలి. పొట్టిదైతే పేలదు. పొడవైతే అంచు చిరిగి వేడి వాయువు వెనక్కి, గురి చూసే కంటి వైపు చిమ్మవచ్చు. ఒకే ఒక్క కన్ను మిగిలిన మనిషి చేతికి ఉజ్జాయింపు పిన్ పెట్టి ఇవ్వలేను. తుపాకులు బాగుచేసే అతన్ని అడిగితే, నమూనా గానీ కొలతలు గానీ లేకుండా కొత్తది చేయనన్నాడు. అతనిది న్యాయమైన మాట. ఈ మోడల్ డిజైన్‌ను తయారీదారు నడుమ ఎప్పుడో మార్చేశాడు. పాతదానికి భాగాలు చేయడం మానేశాడు. పాత తుపాకులు విప్పి ముక్కలుగా అమ్మేవాళ్లే ఇక గతి.

ఆ లోకంలో అడుగుపెట్టాక నాకు తెలిసొచ్చింది, నిర్మాల్యం ఒక్క మనవాళ్ల దగ్గరే లేదని.

ఇంటర్నెట్ ఫోరంలో అడిగాను. పాతదానికీ కొత్తదానికీ పిన్ ఒకటేనని ఒకాయన రాశాడు. ఆయన్ని చూసి ఇంకొకాయన, వాళ్లిద్దర్నీ చూసి మరొకాయన. ఒక్కడు కూడా రెండు పిన్నులూ పక్కపక్కన పెట్టి చూసినవాడు కాదు. తెప్పించాను. ఆ కొత్త రకం పిన్ తోకవైపు వెడల్పు ఎక్కువై గాడిలో దిగనే లేదు. రెండోది తెప్పించాను. దిగింది, కానీ మొన బయటికి పొడుచుకొచ్చింది. మూడో అతనికి ముందే రాశాను, దయచేసి కొలిచి చెప్పండని. ‘ఈ వ్యాపారంలో తలపండినవాణ్ణి, నన్ను నమ్ము’ అని జవాబు. తల పండటం కొలబద్ద ఎప్పుడైంది? ఆయన తప్ప దిక్కులేక అదీ తెప్పించాను. అది ఈ మోడలే కాదు. ఫెయిర్‌గ్రౌండ్స్‌లో తుపాకుల సంతకు వెళ్తే ఒకాయన డబ్బాలోంచి ఒక ముక్క తీసి, వెలుతురుకి ఎత్తి ఒక కన్ను మూసి చూసి, ఇదే నీదన్నాడు. నేను జేబులోంచి మందం, పొడవు కచ్చితంగా కొలిచే కాలిపర్ తీశాను. శవపేటిక కొలవడానికి వచ్చినవాణ్ణి చూసినట్టు చూశాడు. గాడి కొలతకు అదీ కుదరలేదు.

వదినగారు హెర్న్‌డన్ నుంచి ఫోన్ చేశారు. పిన్ సంగతి ఆవిడకి బాధగానే ఉంది. కానీ ఊరికే ఉండరు.

“దొరికిందా మరిదిగారూ?”

“లేదండీ. మూడూ తప్పే వచ్చాయి. కొలిచి చెప్పమంటే ఒకాయన ‘నన్ను నమ్ము’ అన్నాడు.”

“మరి కొలవకుండా పంపినవాళ్లని ఎలా నమ్మారు? మేము పూలు నీళ్లలో వేస్తే లాజిక్ అడిగారు. ఎవడో ముక్కూమొహం తెలియనివాడు ట్రస్ట్ మీ అంటే ఆర్డర్ పెట్టేశారు. వాడేమన్నా మీ కులగురువా?”

ఆవిడ అడిగింది నా ప్రశ్నే.

పెద్దాయన మాత్రం ఒక్కసారి కూడా విసుక్కోలేదు. అదే నాకు భరించరానిదిగా ఉంది. జరిగింది చెప్పినప్పుడు పడీపడీ నవ్వాడు. “మీ వదినగారి పూజ ఫలించిందయ్యా. దేశం మొత్తమ్మీద ఇంత సురక్షితమైన తుపాకీ ఇంకోటి లేదు,” అన్నాడు. నిన్న మెయిల్ తీసుకోవడానికి బయటికి వచ్చినప్పుడు ఆయన ఉత్తరాలను ముఖానికి ఎదురుగా కాక, పక్కకు పట్టుకుని చూస్తున్నాడు. కుడి కంటిలోనూ మొదలైందా అని అడిగాను. “మధ్యలో కాస్త పొగ, అంతే. వీధి స్తంభం కనబడుతోంది. డబ్బా అంతకంటే చిన్నది కదా, త్వరగా చెయ్యి నైబర్,” అన్నాడు. ఆయన నన్ను తొందరపెట్టడం అదే మొదలు.

అందుకే మీతో నాకు పని ఉంది. ఈ దేశంలో మీలో చాలామంది పాత ఇళ్లు కొన్నారు. ముందు ఉన్నవాళ్లు గరాజ్‌లో వదిలేసిన కాఫీ డబ్బాల్లో మరలు, ముక్కలు ఏవేవో ఉంటాయి. ఏమిటో తెలియక అటక మీదికి తోసేశారు. అవి దించండి. బోర్లించండి. చదునుగా, ఒక కొస సన్నగా ఉన్న ఉక్కు ముక్క కనబడితే దాని పొడవు, మందం, తోక వెడల్పు కాలిపర్‌తో కొలవండి. కాలిపర్ లేకపోతే పక్కింట్లో అడిగి తెచ్చుకోండి. ముక్క పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి ఈ పత్రికకు పంపండి. ఏ తుపాకీదో మీకు తెలియకపోతే తెలియదని రాయండి, ఊహించి రాయకండి. రేపటికి వాయిదా వేయకండి. ఆ కంటిలో ఎన్ని రేపులు మిగిలాయో ఎవరికీ తెలియదు. ఈ పేజీ పక్కన పెట్టి గరాజ్‌లోకి వెళ్లండి.