సారు చెప్పిన ఉదాహరణ

గోదావరిఖనిలో సీఏ కోచింగ్‌కు వెళ్తున్న రోజులవి. అకౌంట్స్ పేపర్ అప్పటికే రెండుసార్లు తప్పాను. ఆ సాయంత్రం కంపెనీల ఆదాయపు పన్ను పాఠం. ఈ ఏడాది నష్టం వస్తే, దాని వల్ల రాబోయే ఏళ్లలో తగ్గే పన్నును కంపెనీ ఇప్పుడే ఆస్తిగా చూపుకోవచ్చు. దాన్నే డిఫర్డ్ టాక్స్ అసెట్ అంటారు. అయితే ముందుముందు లాభాలు వస్తాయన్న గట్టి నమ్మకం ఉండాలి.

ఎవరికీ అర్థం కాకపోయేసరికి సారు నన్ను లేచి నిలబడమన్నారు.

"ఈమెను చూడున్రి. ఇప్పటిదాంక అన్నీ నష్టాలే. ముందట లాభమొస్తదని నమ్మితెనే ఆస్తి అని రాస్తం. మరి ఈమెను ఆస్తి కింద రాద్దామా?"

"వద్దు సార్!" అని క్లాసంతా అరిచింది. నా పక్కన కూర్చునే స్నేహితురాలు కూడా అరిచింది.

తల తిప్పుకుందామని తలుపు వైపు చూశాను. గనిలో డ్యూటీ దిగి నన్ను తీసుకెళ్లడానికి వచ్చిన బాపు అక్కడ నిలబడి ఉన్నాడు. అందరూ నవ్వుతున్నారని తనూ నవ్వుతున్నాడు. సారు తనవైపు చూడగానే రెండు చేతులెత్తి దండం పెట్టాడు. సారు ఇంకా గట్టిగా నవ్వారు.

బండి మీద వెళ్తుంటే బాపు అడిగాడు: "అందరు నీ దిక్కే చూస్తున్రు. సారు ఏమన్నడు బిడ్డా?"

"నన్ను చూపెట్టి పాఠం చెప్పిండు బాపూ."

"గట్లనా! గంత మందిల నిన్నే లేపిండంటే మంచిగ సదువుతున్నవన్నట్టే!"

మురిసిపోయి, దారిలో బండి ఆపి మిర్చి బజ్జీలు కొనిచ్చాడు. నేను తినేదాకా చూస్తూ నిలబడ్డాడు.

తర్వాత ఆ పేపర్ పాసయ్యాను. సారు మాటలు ఎప్పుడో మరిచాను. బాపు పెట్టిన దండం మాత్రం మరవలేకపోతున్నాను.