బెల్లం నీళ్ల గచ్చు

మొన్న మా ఇంటి ముందు వాకిట్లో కాంక్రీటు పోయిస్తుంటే తడి సిమెంటు వాసన గుప్పుమంది. ఆ వెనకాలే బెల్లం పాకం వాసన కూడా వస్తుందని నా ముక్కు నాకు చెప్పకుండానే ఎదురుచూసింది. రాలేదు. కాంట్రాక్టరు ఒక నీలం డబ్బా మూత తీసి, "ఇది చల్లితే పైపొర గట్టిపడదు మేడమ్, సాయంత్రం బ్రష్షుతో కడిగేస్తే లోపలి గులకరాళ్లు పైకి కనిపిస్తాయి, ఫారిన్ టెక్నాలజీ" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆ ఫారిన్ టెక్నాలజీని నా తొమ్మిదో ఏట గోపాలపట్నంలో మా వీధి గేదె నాకి చూసింది.

మా నాన్న ఉక్కు ఫ్యాక్టరీలో క్రేను నడిపేవాడు. రోజంతా ఆకాశంలో కూర్చునే మనిషి కాబట్టే నేలంటే అంత మోజు అని అమ్మ వెక్కిరించేది. శ్రీకాకుళం అవతల పల్లెలో పేడ అలికిన నేల మీద పెరిగి, ఉద్యోగానికి వచ్చి, గోపాలపట్నంలో ఒక సందులో ఒంటిగది పెంకుటింట్లో పదేళ్లు అద్దెకుండి, ఆఖరికి దానికి సరిగ్గా ఎదురుగానే, మూడు పక్కలా పొరుగువాళ్ల గోడలున్న చిన్న జాగా కొని, రెండు గదులూ ఒక వరండా కట్టాడు. లోపలంతా గరుకు నాపరాళ్లు. వాకిట్లో మాత్రం ఎర్రరంగు కలిపి, తాపీతో పామించి పామించి, ముఖం చూసుకోవచ్చన్నంత నున్నటి గచ్చు చేయించాడు. గృహప్రవేశానికి ముందు నాలుగు రోజులు మమ్మల్ని దానిమీద నడవనియ్యలేదు గానీ, తను మాత్రం డ్యూటీ నుంచి రాగానే వంగి అందులో మీసం సరిచూసుకునేవాడు.

గృహప్రవేశం నాడు మామ్మ, అంటే నాన్న వాళ్లమ్మ, బూరెల పళ్లెం రెండు చేతులా పట్టుకుని గేటు దాటింది. ఎవరో కాళ్లు కడుక్కున్న నీళ్లు ఆ గచ్చు మీద నిలిచి ఉన్నాయి. జన్మలో చెప్పులెరగని మనిషి, నెత్తి మీద మోపుతో వరిగట్ల మీద పరుగెత్తిన మనిషి, మూడో అడుగుకి జర్రున జారింది. కాళ్లు ముందుకీ పళ్లెం పైకీ పోయి, చుట్టాలందరి ఎదుటా కూలబడింది. బూరెలు గోళీల్లా దొర్లుకుంటూ వీధి కాలవ దాకా వెళ్లాయి. అదృష్టం కొద్దీ ఎముకలేవీ విరగలేదు. కానీ వియ్యపురాలు, అంటే మా అమ్మమ్మ, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది, ఆ నవ్వు మామ్మ కంటపడింది. లేచి చీర దులుపుకుని, గేటు దాటి, వీధికి అడ్డంగా నడిచి, మేము ఖాళీ చేసిన పాత గది అరుగు మీద చతికిలబడింది.

"ఈ గచ్చు మీద నాను మరి కాలెట్టను. మీరుండండి, నానిక్కడే ఉంటాను" అంది.

సాయంత్రానికి కోపం చల్లారుతుందనుకున్నాం. నెల గడిచింది. ఆ గదికి వేరే అద్దెవాళ్లెవరూ రాకపోవడంతో మామ్మ అందులోనే ఉండిపోయింది. పొద్దున్న సోడంబలి, మధ్యాహ్నం ఎండుచేపల పులుసు, సింహాచలం కొండ మీంచి పనసపండు దిగితే పది తొనలు, అన్నీ గిన్నెల్లో వీధి దాటి వెళ్లేవి, ఖాళీ గిన్నెలతో పాటు ఉప్పు ఎక్కువైందన్న తీర్పు తిరిగొచ్చేది. పుట్టిన దగ్గర్నుంచి ఆమె పక్కనే పడుకున్న నాకు కొత్త ఇంట్లో నిద్ర పట్టేది కాదు. అలాగని ఆమె మా సంసారాన్ని వదిలిపెట్టిందేమీ లేదు. అరుగు మీద కూర్చుని మా ఇంటి లోపలికి చూస్తూ, "ఒలే, పొయ్యి మీద పప్పు మాడతంది" అని వీధంతా వినబడేలా కేకేసేది. అమ్మకి ఇంట్లో ఉన్న అత్త కంటే ఎదురింట్లో ఉన్న అత్తతోనే ఎక్కువ పనైంది. నాన్నకి మాత్రం ముద్ద దిగేది కాదు. కన్నతల్లి అడుగు పెట్టని ఇల్లు ఎవరికోసం కట్టానని ఒకటే బెంగ.

ఒకరోజు ఉక్కునగరంలో చుట్టాల క్వార్టరుకి వెళ్లొస్తుంటే వాన పట్టుకుందట. అక్కడ పార్కులో గులకరాళ్లు పైకి తేలిన కాంక్రీటు దారి ఒకటి ఉంది. ఆ తడిలో కూడా నాన్న కాలు దానిమీద మేకు కొట్టినట్టు నిలబడింది. చెప్పులు విప్పి నడిచాడు, గొంతుక్కూర్చుని అరచేత్తో తడిమాడు, వాచ్‌మన్ వచ్చి ఏం పారేసుకున్నావని అడిగేదాకా లేవలేదు. మర్నాడే సింహాద్రి మేస్త్రిని స్కూటరు మీద ఎక్కించుకెళ్లి చూపించాడు. మేస్త్రి చూసి, ఇదేమంత బ్రహ్మవిద్య కాదన్నాడు. కాంక్రీటు పోసి, పైన రాళ్లు పరిచి, చెక్కతో అద్ది, పంచదార నీళ్లు చల్లాలట. తీపి తగిలితే సిమెంటు గట్టిపడటం మర్చిపోతుందట. అడుగున బిగిసి పైన పచ్చిగా ఉన్నప్పుడు కడిగితే రాళ్లు బయటపడతాయట.

ఎర్రగచ్చు పగలగొట్టించినరోజు నాన్న ఇంట్లో లేకుండా వెళ్లిపోయాడు. ఆ తర్వాత నాన్న వాళ్ల ఊరి పక్క ఏటిలోంచి గులకరాళ్లు ఆరు బస్తాలు లారీ మీద దిగాయి. తెల్లవి, తేనెరంగువి, పిట్టగుడ్డు మీద చుక్కల్లాంటి చుక్కలున్నవి. వీధిలో ఆడపిల్లలందరికీ అది పండగే. మంచివన్నీ పిక్కలాటకి ఏరుకుని గౌను జేబుల్లో నింపుకుంటే, జేబులు చిరిగి అమ్మ చేత తిట్లు తిన్నాం. మామ్మ రెండు రోజులు చూసీ చూడనట్టు కూర్చుని, మూడో రోజు ఉండబట్టలేక చాట తెప్పించుకుంది. "నానక్కడికి రాను. రాళ్లే ఇక్కడికి తెండి" అని, బియ్యం ఏరినట్టు ఆరు బస్తాలూ ఏరి, కోసుగా ఉన్న ప్రతి రాయినీ వీధిలోకి విసిరేసింది. తను తొక్కనని ఒట్టేసుకున్న నేలకి అంత శ్రద్ధగా రాళ్లెందుకు ఏరుతున్నావని అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది.

కొత్త అమావాస్య పండగ వెళ్లిన వారానికి పని పెట్టారు. ఎండ ముదరకముందే కాంక్రీటు పోసి, రాళ్లు అద్దేసి, మేస్త్రి పంచదార అడిగాడు. అమ్మ డబ్బా తీసి చూపించింది. అడుగున టీకి సరిపడా ఉంది. పండగ బూరెల కోసం తెచ్చిన అనకాపల్లి బెల్లం మాత్రం దిమ్మ దిమ్మలుగా మిగిలింది. తీపి తీపే కదా అంది అమ్మ. మేస్త్రి తల గోక్కుని సరేనన్నాడు. ఒక దిమ్మలో సగం చాలని అతను చెబుతూనే ఉన్నాడు, నాన్న రెండు దిమ్మలు చితక్కొట్టి బకెట్లో కలిపేశాడు. ఆయన దేనికైనా నాలుగింతలు వేసే మనిషి. ఆ నీళ్లు వాకిలంతా చల్లేసరికి మా సందు సందంతా పాకం పట్టినట్టు ఘుమఘుమలాడిపోయింది. అప్పుడు మేస్త్రి కడగడానికి బ్రష్షులేవని అడిగాడు. ఇసక, రాళ్లు, సిమెంటు, తీపి అన్నీ అమర్చిన నాన్న బ్రష్షులు మర్చిపోయాడు.

ఇద్దరూ స్కూటరెక్కి వైరు బ్రష్షుల కోసం ఆటోనగర్ వెళ్లారు. అమ్మ గదిలో నడుం వాల్చింది. పనికోసం ఊడదీసిన గేటు ఇంకా బిగించలేదు కాబట్టి, ఈగని కూడా వాలనివ్వొద్దని చెప్పి నన్ను వీధిలో స్టూలు మీద కాపలా కూర్చోబెట్టారు. నేను నిజంగానే ఈగల్ని తోలుతూ కూర్చున్నాను, సందు చివర ఐసు బండి గంట వినిపించేదాకా. పాల ఐసు ఒకటి కొనుక్కుని రావడానికి ఎంతసేపు పడుతుంది? బండి చుట్టూ ముగ్గురు పిల్లలు నాకంటే ముందున్నారు.

ఈలోగా పక్కింటి పైడమ్మ గేదె వాసన పట్టుకుని వచ్చింది. గేటు దగ్గర రెండు ముందుకాళ్లు కాంక్రీటులో దింపి, కళ్లు అరమోడ్చి, వాకిలి అంచు నుంచి పద్ధతిగా నాకడం మొదలుపెట్టిందట. ఎదుటి అరుగు మీంచి మామ్మ కేకలేసింది. అమ్మ లేవలేదు, నేను లేను. తను ఏరిన రాళ్లు ఒక్కొక్కటీ గేదె నాలిక కింద కదులుతుంటే ఆమెకి ఒళ్లు మండిపోయింది. చేతికందిన చీపురుకర్ర తీసుకుని, వీధి దాటి, గేదెని దాటి, దాన్ని ముందునుంచి అదిలించాలని వాకిట్లోకి నేరుగా దూసుకుపోయింది. నేను ఐసు చప్పరిస్తూ వచ్చేసరికి గేదె పారిపోతోంది, మామ్మ మాత్రం వాకిలి నట్టనడుమ, ఏ కాలూ ఎత్తకుండా, విగ్రహంలా నిలబడి ఉంది. అప్పటికిగానీ తానెక్కడున్నదీ ఆమెకి తెలిసిరాలేదు.

"ఏటి సూత్తన్నావ్, గుంటా? మీ అమ్మని పిలు. కాళ్లు మండతన్నాయి."

వెనక్కి వెళ్లాలంటే మళ్లీ తొక్కాలి. వరండాయే దగ్గర. మూడంగల్లో వరండా ఎక్కేసింది. అమ్మ నిద్రమొహంతో వచ్చి, ఆ పాదాలు చూసి, చెంబుతో నీళ్లు తెచ్చి, కూర్చుని అత్తగారి కాళ్లు రెండూ సిమెంటు పోయేదాకా రుద్ది కడిగింది. గృహప్రవేశం నాడు కూడా అంత మర్యాద జరగలేదు.

"నాను రాలేదు. గేదిని తోలడానికొచ్చాను" అంది మామ్మ.

"అలాగే అత్తా, అన్నం తింతావా?" అంది అమ్మ.

నాన్నా మేస్త్రీ వచ్చేసరికి మామ్మ వంటింట్లో రెండోసారి పులుసు వడ్డించుకుంటోంది. నేను గోడ చాటున ఐసు పుల్లతో సహా దాక్కున్నాను. మేస్త్రి వాకిలి చూసి లబోదిబోమన్నాడు, తరవాత వంగి, గేదె నాకినచోట వేలు పెట్టి చూసి, నోరెళ్లబెట్టాడు. అక్కడ రాళ్లు ఒక్కటీ ఊడకుండా, ముత్యాల్లా పైకి తేలి ఉన్నాయి. అతను ఆ సాయంత్రం బ్రష్షుతో కడిగిన చోటేదీ అంత నీటుగా రాలేదు.

"అడుగులు పడ్డ సోటల్లా గీకేసి మళ్లీ అద్దేద్దాం బావా" అన్నాడు.

నాన్న వరండా దాకా పడిన పాదాల వరస చూసి గొంతుక్కూర్చున్నాడు. "గేదివి తీసీ బావా. మా అమ్మవి ఉండనీ" అన్నాడు. నన్ను కొడతాడనుకున్నాను గానీ, ఇంకో ఐసుకి డబ్బులిచ్చాడు.

గచ్చు ఆరేదాకా దాటడానికి పలక వేశారు. దానిమీంచి పడిపోతానని మామ్మ ఎక్కలేదు, వేరే దారి లేదు. మూడోరోజుకి గచ్చు గట్టిపడింది, అప్పటికే ఆమె ట్రంకుపెట్టె మా గదిలో మంచం కిందకి చేరిపోయింది. ఆ రాళ్ల మీద వానలో కూడా గట్టి అడుగులు వేసుకుంటూ పదకొండేళ్లు తిరిగింది, అమ్మమ్మ వచ్చినప్పుడల్లా ఆవిడ చెయ్యి పట్టుకుని, "జాగర్తగా రా వదినా, నువ్వు జారగలవు" అనేది. గచ్చులో ఆరు పాదాలుండేవి. ఆరూ లోపలికి వస్తున్నవే, బయటికి వెళ్లినవి లేవు. ఆమెని మోసుకెళ్లిననాడు నాన్న వాటిని తొక్కకుండా పక్కనుంచి నడవడం నేను చూశాను.

నాన్నా పోయాక ఆ ఇల్లు అమ్మేశాం. ఇప్పుడక్కడ అయిదంతస్తుల అపార్టుమెంటు, వాకిట్లో అద్దంలాంటి టైల్సు. పగలగొడుతున్నారని తెలిసి వెళ్లేసరికి మట్టితో పాటు గచ్చంతా ట్రాక్టరెక్కిపోయింది. పాలప్యాకెట్లు వచ్చాక ఆ సందులో గేదెలూ లేవు, ఐసు బండి గంటా లేదు.

ఇప్పుడు నా దగ్గరున్న అమ్మ, మా ఇంటి ముందు టైల్సు మీద రెండుసార్లు జారబోయి, వాకిట్లోకి రానని భీష్మించుకుంది. అందుకే ఈ గచ్చు. కాంట్రాక్టరు డబ్బా మందంతా చల్లి భోజనానికి వెళ్లాక, వంటింట్లోంచి బెల్లం ముక్క తెచ్చి, చెంబుడు నీళ్లలో కరిగించి, గేటు పక్క మూల మీద చిలకరించాను. ఎందుకో అడక్కండి. గేటు తెరిచిపెట్టి, కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాను. ఈసారి కడిగేవేళ దాకా లేవలేదు. చీమలు తప్ప ఎవరూ రాలేదు.