మిరప బస్తాల మీద కబడ్డీ జట్టు

ఆ రోజుల్లో మేం ఎంత హాయిగా ఆడుకునేవాళ్ళమో అంటూ మొదలుపెట్టేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరు ఆడుకున్నారు హాయిగా? మా ఇంట్లో అయితే ఆట అన్న మాట వినగానే ఎవరో ఒకరు ఏదో ఒక పని చేతిలో పెట్టేవారు. ఇప్పుడేమో నందిగామలో మా అమ్మాయి షటిల్ నేర్చుకుంటున్న చోట తల్లిదండ్రుల మీటింగు పెట్టారు. ఒకాయన మైకు పట్టుకుని, ఆటల వల్ల పిల్లలకు ఆకలి వేస్తుంది, నిద్ర పడుతుంది, నలుగురితో సర్దుకుపోవడం వస్తుంది, కాబట్టి మీరంతా వాళ్ళ కోసం సమయం కేటాయించాలి అని తీరిగ్గా చెప్పాడు. ఆయన చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం లేదు. ఆఫీసు నుంచి వచ్చి, వంట చేసి, పిల్లని దింపి, మళ్ళీ వెళ్ళి తీసుకొచ్చే మనిషికి ఆ సమయం ఏ సంతలో దొరుకుతుందో మాత్రం చెప్పలేదు. (మా ఆయన ఆ మీటింగుకి రాలేదు. ఆయనకి పని ఉందట. నాకు లేదు కాబోలు.) అక్కడ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని పళ్ళు నూరుకుంటుంటే నాకు మా నాన్న గుర్తొచ్చాడు. గుర్తొచ్చేసరికి కోపం ఇంకా పెరిగింది.

మాది జగ్గయ్యపేట. ఎండుమిర్చి టోకు వ్యాపారం. ముందు కొట్టు, వెనక ఇల్లు, మధ్యలో బస్తాలు. తాతయ్య పోయాక ఆ కొట్టు నిలబెట్టింది నాయనమ్మ. నాన్నకి వ్యాపారం నేర్పిందీ ఆవిడే. అందుకని గల్లాపెట్టె ముందు కూర్చునేది నాన్నే అయినా ఆఖరి మాట మాత్రం ఆవిడది. అమ్మకి వంటిల్లూ, పనివాళ్ళ టిఫిన్లూ సరిపోయేవి. మా ఇంట్లో ఖాళీగా ఉండడం అంటే జబ్బు చేసినట్టే లెక్క. నేను కాసేపు కాళ్ళు చాపుకుని కూర్చుంటే నాయనమ్మ "ఏమ్మా, ఒంట్లో బాలేదా?" అని అడిగేది. ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బయలుదేరేటప్పుడు ఎవరైనా తుమ్మితే లోకమంతా ఆగి, కూర్చుని, మంచినీళ్ళు తాగి బయలుదేరుతుంది. మా కొట్లో ఆ శకునం చెల్లదు. కొనేవాడు తుమ్ముతాడు, మోసేవాడు తుమ్ముతాడు. ప్రతి తుమ్ముకీ ఆగితే ఒక్క బస్తా కూడా గుమ్మం దాటదు. మావాళ్ళ ముక్కులైతే ఏనాడో చచ్చిపోయాయి. ఆ ఘాటులో గుర్రు పెట్టి నిద్రపోగలరు. మిగతా జనానికి ఇంకా ముక్కులు బతికే ఉన్నాయన్న సంగతి వాళ్ళకి తోచేది కాదు.

నేను ఎనిమిదో క్లాసులో ఉండగా మా బడికి కొత్తగా ఒక డ్రిల్లు మేడం వచ్చింది. ఒకరోజు నన్ను పరిగెత్తించి, కూత పెట్టించి చూసి, కబడ్డీ జట్టులో వేసేసింది. కబడ్డీలో గీత దాటి అవతలివాళ్ళ మీదకి వెళ్ళిన మనిషి తిరిగొచ్చేదాకా కూత ఆపకూడదు. ఆగిందా, ఔటు. నేనైతే ఒక్క గుక్కలో అవతలివాళ్ళకి విసుగు పుట్టేదాకా ఆపేదాన్ని కాదు. (మా నాయనమ్మతో వాదించి వాదించి వచ్చిన ఊపిరి అది. ఊరికే రాలేదు.) ఆట మొదలుపెట్టాక నాకు ఆకలి పెరిగింది. మంచం మీద వాలగానే నిద్ర పట్టేది. తోటి పిల్లలతో మాట్లాడడం వచ్చింది. అంతకుముందు నాకు తెలిసిన మాటలన్నీ బేరం మాటలే. మైకు పట్టుకున్నాయన చెప్పినవన్నీ నాకు అప్పుడే జరిగాయి. కానీ ఇంట్లో ఎవరికీ అవి కనిపించలేదు. సాయంత్రాలు మిరపకాయల తొడిమలు తీయడానికి ఒక మనిషి తగ్గిందన్నదే కనిపించింది.

నందిగామలో పోటీలు వచ్చాయి. నన్ను పంపించమని అడగడానికి మేడం స్వయంగా మా కొట్టుకి వచ్చింది.

"షావుకారు గారూ, మీ అమ్మాయి లేకపోతే మా జట్టే లేదండి. ఒక్క రోజు పంపించండి చాలు" అంది నాన్నతో.

నాన్న నాయనమ్మ వంక చూశాడు. నాయనమ్మ చేటలోంచి తల ఎత్తకుండానే అంది. "పంపిస్తాంలేమ్మా. గెలిచొస్తే ఆడుకోనీ. ఓడిపోతే మాత్రం మళ్ళీ ఆటల మాట ఎత్తకూడదు. బడి వదలగానే తిన్నగా కొట్టుకి వచ్చెయ్యాలి. సరేనా?"

"సరేనండి" అనేసింది మేడం.

నన్నెవరూ అడగలేదు. నా ఆట మీద నా కళ్ళ ముందే బేరం కుదిరిపోయింది. నేను ఆ పక్కనే తక్కెడలా నిలబడి ఉన్నాను.

అంతటితో వదిలిపెట్టినా బాగుండేది. పిల్లల్ని బస్సులో తీసుకెళ్తానని మేడం అంటుంటే నాన్న నవ్వాడు. "బస్సెందుకండీ, నిలబడి చావాలి. ఎల్లుండి మా వ్యాను నందిగామ వెళ్తోంది. మీరు ముందెళ్ళి పేర్లవీ రాయించుకోండి. పిల్లల్ని నే పంపిస్తా" అన్నాడు. బండి ఒక్కసారి కదిలితే రెండు పనులు కావాలి. అది మా నాన్న మతం. ఆ వ్యానులో ఏముంటుందో మేడం అడగలేదు. మిగతా పిల్లల అమ్మానాన్నలు కూడా అడగలేదు. ఒకళ్ళు పత్తి తీతకి వెళ్తారు, ఒకళ్ళు మిషను కుడతారు, ఒకళ్ళు లారీ మీద ఉంటారు. ఎవరో ఒకరు పిల్లని తీసుకెళ్తున్నారంటే చాలు, వాళ్ళ పాలిట దేవుడే. అమ్మ ఒక్కతే, ఆ ఉదయం వ్యాను వైపు చూసి, "ఏవండీ, మిరపకాయల మీదా?" అంది.

"మెత్తగా ఉంటాయే" అన్నాడు నాన్న.

మమ్మల్ని బస్తాల మీద వరసగా కూర్చోబెట్టాడు. ఎండ తగలకూడదని టార్పాలిను కప్పించి, తాళ్ళు తానే గట్టిగా బిగించాడు. ప్రేమ లేదని ఎవరూ అనలేరు. ఊరు దాటేదాకా పాటలు పాడుకున్నాం, బస్తాల మీద ఎగిరాం. ఎంత ఎగిరితే అంత దుమ్ము లేచింది. చిల్లకల్లు రాకముందే మా కెప్టెను (అందరం పొట్టి అని పిలిచేవాళ్ళం) తుమ్మింది. దాని తుమ్ము విని ఇంకొకతి. ఆ తర్వాత వరస తెలియలేదు. కళ్ళు నలుపుకున్నవాళ్ళకి కళ్ళు మండాయి, ముక్కు చీదినవాళ్ళకి ముక్కు మండింది. డ్రైవరు వైపు రేకు మీద అందరం కలిసి దబదబా బాదాం. పిల్లలు హుషారుగా ఉన్నారనుకుని ఆయన హారను కొట్టి స్పీడు పెంచాడు.

నందిగామలో టార్పాలిను విప్పేసరికి మేడం ఎదురొచ్చింది. మమ్మల్ని చూసి ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఎవరు కొట్టారే మిమ్మల్ని?" అంది. చెప్పడానికి పొట్టి నోరు తెరిచి తుమ్మింది. కుళాయి దగ్గర మొహాలు కడుక్కునేలోపే మా జట్టుని పిలిచేశారు. బట్టలు మార్చుకోవడానికి వేరే బట్టలు లేవు.

ఆ ఆట ఎలా జరిగిందో చెబితే ఇప్పటికీ అందరూ నవ్వుతారు. నాకు మాత్రం నవ్వు రాదు. పొట్టి కూతకి వెళ్ళి, "కబడ్డీ కబడ్డీ కబ" అని తుమ్మింది. కూత ఆగింది, ఔటు. దాని తర్వాత వెళ్ళిన పిల్ల గీత దాటకుండానే తుమ్మింది. ఒకతి తుమ్ము ఆపుకోవడానికి ముక్కు పట్టుకుని వెళ్ళింది. ముక్కు పట్టుకుని ఎవరిని ముట్టుకుంటుంది? ఇక మిగిలింది నేను, మా కొట్టు ముక్కుతో. నాకు ఏమీ కాలేదు. నేను వెళ్ళాను, ముట్టాను, వచ్చాను. మళ్ళీ వెళ్ళినప్పుడు నందిగామ పిల్లలు నలుగురు నా మీద పడి పట్టుకున్నారు. పట్టుకున్నవాళ్ళు పట్టుకున్నట్టే వదిలేసి కళ్ళు మూసుకుని కూర్చున్నారు. నా బట్టల నిండా కారమే. ఆ తర్వాత నేను వస్తుంటే వాళ్ళు చెదిరిపోయారు. మేం గెలుస్తున్నాం. నాకు ఏడుపొచ్చింది. అది ఆట కాదని నాకు తెలుసు.

అవతలి జట్టు మాస్టారు ఆట ఆపించి గొడవకి దిగాడు. అంపైరు మాస్టారు రూల్సు తిరగేసి, "ఒంటికి నూనె రాసుకు రాకూడదని ఉందండి. కారం సంగతి ఎక్కడా లేదు" అన్నాడు. నిజమో కాదో చూద్దామని నా చొక్కా చేయి పట్టుకుని చూసి, అలవాటుగా కన్ను నలుపుకున్నాడు. ఆయన్ని కూడా కుళాయి దగ్గరికి తీసుకెళ్ళారు.

సరిగ్గా అప్పుడే స్కూటరు మీద నాన్న వచ్చాడు. ఆట చూడ్డానికి కాదు, వ్యాను సరుకు దింపడానికి ఇంకా రాలేదని వెతుక్కుంటూ. గుంపులో మిరపకాయల మాట వినపడేసరికి తోసుకుని ముందుకొచ్చాడు. "ఎవరండీ మా కాయని అంటున్నది? ఫస్టు రకం. రంగు పోయిన కాయ ఒక్కటి చూపించండి, సరుకంతా వెనక్కి పట్టుకుపోతా" అన్నాడు.

"కాయ సంగతి కాదండీ" అంది మేడం. "పిల్లల్ని చూడండి ఒకసారి."

నాన్న చూశాడు. ఉబ్బిన కళ్ళు, కారే ముక్కులు. "మరి మా అమ్మాయి బాగానే ఉందిగా" అన్నాడు.

ఆ మాట దగ్గర నాకు వచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. బాగానే ఉన్నానట. నా ఆట పోయేట్టుంది, నా జట్టు గుడ్డిదైపోయింది, నాకు ముక్కు మండలేదు కాబట్టి నేను బాగానే ఉన్నాను.

చివరికి ఇలా తేల్చారు. అంతవరకూ జరిగిన ఆట రద్దు. మేం తలమీంచి నీళ్ళు పోసుకుని, నందిగామ పిల్లలు తెచ్చి ఇచ్చిన బట్టలు వేసుకుని, మళ్ళీ మొదట్నుంచీ ఆడాలి. (శత్రువుల లంగా ఓణీ కట్టుకుని ఎవరూ కబడ్డీ గెలవలేరు. అదృష్టం బాగుండి వాళ్ళు పంజాబీ డ్రస్సులు ఇచ్చారు.) పొట్టి సగం కళ్ళతోనే ఆడింది. ఒక్కతీ వెనకాడలేదు. సరుకు ఇంకా దిగలేదు. ఆట మధ్యలో వదిలి వెళ్ళలేక నాన్న గీత పక్కనే నిలబడి, పక్కవాళ్ళని "ఇంకా ఎంతసేపండీ?" అని అడుగుతున్నాడు. ఆఖరి కూత నాది. ముగ్గుర్ని ముట్టి వస్తే గెలుపు. అడుగు వేసేముందు ఆయన వాచీ చూసుకోవడం చూశాను. నాకు ఇక అవతలి పిల్లలు కనిపించలేదు. ఆ కోపంతోనే కూత పెట్టాను. ఇద్దర్ని ముట్టుకున్నాను. మూడో పిల్ల నా కాలు పట్టుకుంది, అంటే ముట్టినట్టే, కానీ అందరూ కలిసి లాగేశారు. గీత జానెడు దూరంలో ఉంది. మట్టి నోట్లోకి వెళ్తున్నా కూత ఆపలేదు. ఊపిరి దానంతట అదే అయిపోయింది. ఓడిపోయాం.

మేడం మమ్మల్ని బస్సులో తీసుకొచ్చింది. వ్యాను పేరెత్తితే కొట్టేట్టుంది ఆవిడ. ఇంటికెళ్ళేసరికి నాన్న నాకంటే ముందే వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. నాయనమ్మ సంగతి కనుక్కుని ఒక్కటే అంది. "ఓడారుగా. మాటంటే మాటే. రేపట్నించి బడి వదలగానే కొట్టుకి రా."

నేను తల వంచుకుని చెప్పులు విప్పాను. తల ఎత్తితే ఏడుస్తానని తెలుసు.

"ఆ మాట చెల్లదమ్మా" అన్నాడు నాన్న, తువ్వాలుతో పాదాలు తుడుచుకుంటూ.

"ఎందుకు చెల్లదు?"

"మన బండిలో వెళ్ళే సరుకు దారిలో పాడైతే నష్టం ఎవరిది? మనదా, కొన్నవాడిదా?"

ఆ పాఠం ఆయనకి నేర్పింది నాయనమ్మే. "మనదే" అంది.

"ఆ పిల్లలు పాడైంది మన బండిలోనే కదా. దీన్ని ఓడినట్టు ఎలా రాస్తాం?"

నాయనమ్మ చేట దగ్గరకి లాక్కుంది. "అయితే ఆడుకోనీ" అంది. నేను కాలేజీ వదిలేదాకా కబడ్డీ ఆడాను. నాన్న నాకు సారీ చెప్పలేదు, ఆ పిల్లలకీ చెప్పలేదు. వాళ్ళందరి ఇళ్ళకీ ఒక్కో సంచీడు మిరపకాయలు పంపించాడు. (కళ్ళు ఇంకా మండుతున్నవాళ్ళ ఇళ్ళకి.) నన్ను సరుకుతో పోల్చి కాపాడినందుకు సంతోషించాలో, సరుకు అన్నందుకు మండిపడాలో తేలక, నేను రెండూ చేస్తూ పెరిగాను.

పోయిన ఆదివారం మా అమ్మాయి మొదటిసారి ఊళ్ళో పోటీల్లో ఆడింది. ఆదివారమైనా ఆఫీసులో పని పడింది. నేను వెళ్ళేసరికి ఆట సగం అయిపోయింది. కోర్టు పక్కన ముందు వరసలో మా నాన్న కూర్చుని ఉన్నాడు. ఇప్పుడు కొట్టు మా తమ్ముడు చూసుకుంటున్నాడు. ఈయన జగ్గయ్యపేట నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చాడు. నన్ను చూడగానే మొహం చిట్లించాడు.

"ఇదేనా రావడం? పిల్ల ఆటకంటే ఎక్కువైన పనేముందే నీకు?" అన్నాడు, చుట్టూ పదిమందికి వినపడేట్టు.

ఎనిమిదో క్లాసు పిల్ల ఆ చోట ఉండి ఉంటే ఏం చేసేదో నాకు బాగా తెలుసు. ఆ పిల్లకున్నంత ఊపిరి ఇప్పుడు నా దగ్గర లేదు. "జరుగు నాన్నా" అని పక్కన కూర్చున్నాను. ఆయన నా వైపు తిరక్కుండానే, ఇప్పటిదాకా ఎవరెవరు ఎన్ని పాయింట్లు కొట్టారో అన్నీ తప్పుగా చెప్పడం మొదలుపెట్టాడు. నేను సరిదిద్దలేదు.